డాట్ వన్ ఎక్స్, మ్యాబ్, పోర్ట్ సెక్యూరిటీ: మీ ఆఫీసు స్విచ్‌కి ఏది సరిపోతుంది?

క్లయింట్ ఆడిట్‌కి వచ్చినవాళ్లు ఈ మధ్య తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. మీ మీటింగ్ రూం గోడకున్న ఐఓలో, అంటే నెట్‌వర్క్ సాకెట్‌లో, బయటివాడెవడైనా తన ల్యాప్‌టాప్ గుచ్చితే ఏమవుతుంది? మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో చాలాచోట్ల ఉన్నదున్నట్టు చెప్పాలంటే జవాబు రెండే మాటలు: ఐపీ వస్తుంది. అంటే వాడు నేరుగా నెట్‌వర్క్‌లోకి వచ్చేస్తాడు. వైఫైకి గెస్ట్ పోర్టల్, ఓటీపీ అంటూ నానా హంగామా చేస్తాం. వైరు విషయానికి వచ్చేసరికి తలుపు బార్లా తీసి పెడతాం.

ఈ తలుపు వెయ్యడానికి స్విచ్‌లో నాలుగు దారులున్నాయి. ఒకటి పోర్ట్ సెక్యూరిటీ, అంటే ఫలానా మ్యాక్ అడ్రస్ (ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ ఉండే నంబర్) తప్ప ఇంకోటి రాకూడదని స్విచ్‌లోనే రాసుకోవడం. రెండోది మ్యాబ్, అదే మ్యాక్ అడ్రస్‌ని రేడియస్ సర్వర్‌ని, అంటే ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే సర్వర్‌ని, అడిగి తేల్చుకోవడం. మూడోది 802.1ఎక్స్, మనవాళ్ల నోట డాట్ వన్ ఎక్స్. ఇందులో పరికరమే తానెవరో సర్టిఫికెట్‌తోనో పాస్‌వర్డ్‌తోనో రుజువు చేసుకోవాలి. నాలుగోది వెబ్ లాగిన్. వీటిలో బెస్ట్ ఏదని వెతకడం దగ్గరే చాలామంది దారి తప్పుతారు. ఓ మోస్తరు ఆఫీసులో ఒకే పోర్టు మీద రెండు పద్ధతులు కలిసి ఉంటాయి. మీరు నిజంగా తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి: పోర్టుల చివర ఏ పరికరాలున్నాయి, సర్టిఫికెట్ల బాధ్యత ఎవరిది, రేడియస్ సర్వర్ పడిపోయిన రోజు ఆఫీసు ఏం చెయ్యాలి. ఈ మూడూ తేలితే పద్ధతి దానంతట అదే తేలుతుంది.

ముందు పోర్టుల చివర ఏముందో చూడండి

ఏ స్విచ్ కొనాలి, ఏ సర్వర్ పెట్టాలి అన్న చర్చకు ముందే ప్రతి యాక్సెస్ స్విచ్‌లో మ్యాక్ అడ్రస్ టేబుల్ తీసి ఒక ఎక్సెల్ షీట్‌లో పెట్టండి. మ్యాక్‌లో మొదటి ఆరు అంకెలు తయారీదారుని చెబుతాయి కాబట్టి ఏది ప్రింటరో, ఏది కెమెరానో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది. ఒక్కరోజు తీస్తే చాలదు. నెలకోసారి మాత్రమే ఆన్ అయ్యే పరికరాలుంటాయి. పేరోల్ వాళ్ల పాత ప్రింటర్ అలాంటిదే.

షీట్ తయారయ్యాక ఆశ్చర్యపోకండి. ల్యాప్‌టాప్‌లు, ఐపీ ఫోన్లు అందరూ ఊహించేవే. వాటి వెనకాల బయోమెట్రిక్ అటెండెన్స్ మెషిన్, సీసీటీవీ ఎన్‌వీఆర్ (రికార్డర్), యూపీఎస్‌లో నెట్‌వర్క్ కార్డు, రిసెప్షన్‌లో టీవీ, సర్వర్ రూం ఏసీ కంట్రోలర్ బయటికొస్తాయి. వీటిలో చాలావాటికి డాట్ వన్ ఎక్స్ అంటే ఏమిటో తెలియదు. ఇక డెస్క్ కింద, ఎవరికీ చెప్పకుండా సికింద్రాబాద్ సీటీసీలో కొనుక్కొచ్చి పెట్టిన ఐదు పోర్టుల చిన్న స్విచ్ ఒకటి ఉండి తీరుతుంది. ఒకే పోర్టు మీద మూడు నాలుగు మ్యాక్‌లు కనబడితే చాలావరకు అది అదే. దాన్ని ముందు పీకెయ్యండి, లేదా అక్కడ ఇంకో కేబుల్ లాగించండి. పోర్టు దగ్గర గుర్తింపు అడిగే ఏ పద్ధతికైనా ఆ చిన్న డబ్బా తలనొప్పే.

పోర్ట్ సెక్యూరిటీ: తక్కువ ఖర్చు, తక్కువ తెలివి

సర్వర్ అక్కర్లేదు, లైసెన్స్ అక్కర్లేదు, రెండు మూడు కమాండ్లతో అయిపోతుంది. పోర్టుకి ఒక్క మ్యాక్ మాత్రమే అని గరిష్ఠం పెట్టి, స్టిక్కీ ఆన్ చేస్తే మొదట వచ్చిన పరికరాన్ని స్విచ్ గుర్తుపెట్టుకుంటుంది. వేరేది వస్తే, సిస్కో స్విచ్‌లలో డిఫాల్ట్‌గా పోర్టు ఎర్ర్-డిజేబుల్‌లోకి పడిపోతుంది, అంటే మూతపడుతుంది. ఎవరో ఒకరు వెళ్లి షట్, నో షట్ (పోర్టు మూసి మళ్లీ తెరిచే కమాండ్లు) కొట్టేదాకా అంతే. దానంతట అది లేవాలంటే ఎర్ర్-డిజేబుల్ రికవరీ విడిగా ఆన్ చేసుకోవాలి. అప్పుడు డిఫాల్ట్‌గా 300 సెకన్లకి లేస్తుంది. ఇంకో సంగతి, స్టిక్కీ నేర్చుకున్న అడ్రస్‌లు రన్నింగ్ కాన్ఫిగ్‌లోనే ఉంటాయి. సేవ్ చేయకపోతే కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేసిన రోజు అవి కూడా పోతాయి.

సీట్లు కదలని చోట ఇది బాగానే పనిచేస్తుంది. కాలేజీ ల్యాబ్, కెమెరా పోర్టులు, బిల్లింగ్ కౌంటర్ లాంటివి. వారానికి రెండు రోజులు ఆఫీసుకొచ్చి, యాప్‌లో సీటు బుక్ చేసుకుని, ఖాళీగా ఉన్నచోట కూర్చునే కంపెనీలో పెట్టారా, హెల్ప్‌డెస్క్ వాళ్లు మీ ముఖం చూడరు. డాట్ వన్ ఎక్స్ పెట్టిన పోర్టు మీద దీన్ని కూడా కలిపి పెట్టకండి. సిస్కో కూడా వద్దనే చెబుతుంది. ఎన్ని పరికరాలు రావచ్చో డాట్ వన్ ఎక్స్ హోస్ట్ మోడే చూసుకుంటుంది.

మ్యాబ్: గుర్తింపు కాదు, జాబితా

మ్యాబ్‌లో పరికరం ఏమీ చెయ్యదు. దాని నుంచి వచ్చిన మొదటి ఫ్రేమ్‌లోని మ్యాక్‌ని స్విచ్ పట్టుకుని, అదే యూజర్‌నేమ్, అదే పాస్‌వర్డ్ అని రేడియస్‌కి పంపుతుంది. జాబితాలో ఉంటే లోపలికి, లేకపోతే బయటికి. నంబర్ ప్లేట్ చూసి గేటు తీసే పద్ధతి ఇది. ఎవరో మన బండి నంబర్ కాపీ కొట్టి తిరిగితే చలానా మన ఫోన్‌కి వస్తుందే, ఆ ప్రమాదమే ఇక్కడా ఉంది. ప్రింటర్ వెనకాల స్టిక్కర్ మీద మ్యాక్ అచ్చువేసి ఉంటుంది. ప్యాంట్రీ పక్కన ఉన్న ప్రింటర్‌ని వెనక్కి తిప్పి ఫోన్‌తో ఫోటో తీసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మ్యాక్‌ని ల్యాప్‌టాప్‌కి పెట్టుకోవడం అంతకన్నా తేలిక.

అయినా మ్యాబ్ లేకుండా గడవదు, ఎందుకంటే పైన చెప్పిన అటెండెన్స్ మెషిన్‌కి వేరే దారి లేదు. కాబట్టి వాడండి, కానీ లోపలికొచ్చినవాడు ఎక్కడిదాకా వెళ్లగలడన్నది గట్టిగా బిగించండి. ప్రింటర్ వీల్యాన్ (స్విచ్ లోపలే విడదీసిన చిన్న నెట్‌వర్క్) నుంచి ప్రింట్ సర్వర్‌కి తప్ప ఇంకెక్కడికీ దారి ఉండకూడదు. కెమెరా ఎన్‌వీఆర్‌తో మాత్రమే మాట్లాడాలి. అప్పుడు ప్రింటర్ మ్యాక్ దొంగిలించినవాడికి దక్కేది ప్రింటర్‌కి దక్కినంతే. మ్యాబ్ పెట్టి కూడా ప్రింటర్‌ని ఫైనాన్స్ వాళ్ల వీల్యాన్‌లోనే ఉంచిన చోట అసలు ఏమీ పెట్టనట్టే లెక్క.

చిన్న చిక్కు ఒకటి. మ్యాక్‌ని ఏ రూపంలో పంపాలన్నది స్విచ్ కంపెనీని బట్టి మారుతుంది. సిస్కో మామూలుగా చిన్న అక్షరాల్లో, మధ్యలో ఏ గుర్తూ లేకుండా 12 అంకెలు పంపుతుంది. కొన్ని గీతలు పెట్టి పంపుతాయి, కొన్ని పెద్ద అక్షరాల్లో. సర్వర్ జాబితాలో వేరే రూపంలో రాసుకుంటే మ్యాచ్ అవ్వదు, లాగ్‌లో మాత్రం యూజర్ లేడని వస్తుంది. రెండు కంపెనీల స్విచ్‌లున్న ఆఫీసులో ఇది తప్పకుండా ఎదురవుతుంది.

2024 జూలైలో బయటపడ్డ బ్లాస్ట్‌రేడియస్ లోపం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. స్విచ్‌కీ సర్వర్‌కీ మధ్యలో కూర్చోగలిగినవాడు, సర్వర్ వద్దన్న జవాబుని సరే అన్న జవాబుగా మార్చెయ్యగలడు. మెసేజ్-ఆథెంటికేటర్ అనే సంతకం లేని రేడియస్ ప్యాకెట్లకే ఆ ముప్పు. డాట్ వన్ ఎక్స్‌లో వాడే ఈఏపీ అనే గుర్తింపు భాషకి ఆ సంతకం తప్పనిసరి కాబట్టి ముప్పు దాని జోలికి రాలేదు. మ్యాబ్ వాడుతుంటే స్విచ్ ఫర్మ్‌వేర్, సర్వర్ రెండూ అప్‌డేట్ చేసి, ఆ సంతకాన్ని తప్పనిసరి చెయ్యండి.

డాట్ వన్ ఎక్స్: పాస్‌వర్డా, సర్టిఫికెటా

ఈ ప్రమాణం మొదటిసారి వచ్చింది 2001లో. 2004, 2010, 2020ల్లో సవరించారు. ఇందులో పాత్రలు మూడు. ల్యాప్‌టాప్‌లో సప్లికెంట్ (గుర్తింపు చెప్పే సాఫ్ట్‌వేర్), మధ్యలో స్విచ్, వెనకాల రేడియస్ సర్వర్. కేబుల్ గుచ్చగానే పోర్టు మూసే ఉంటుంది. గుర్తింపు తాలూకు ఫ్రేమ్‌లు తప్ప డీహెచ్‌సీపీ (ఐపీ అడిగే సంభాషణ) కూడా దాటదు. స్విచ్ నువ్వెవరని అడుగుతుంది, ల్యాప్‌టాప్ చెప్పింది రేడియస్‌కి చేరవేస్తుంది, సర్వర్ సరేనంటే పోర్టు తెరుచుకుంటుంది. ఫలానా వీల్యాన్‌లో పడెయ్యమని కూడా సర్వరే చెప్పగలదు. అసలు ఉపయోగం అదే: హెచ్‌ఆర్ మనిషి ఏ ఫ్లోర్‌లో, ఏ సీట్లో కేబుల్ గుచ్చినా హెచ్‌ఆర్ వీల్యాన్‌లోనే ఉంటుంది.

ఇక్కడ రెండు పద్ధతుల మధ్య ఎంచుకోవాలి. పీఈఏపీ అయితే డొమైన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో పని. ఈఏపీ-టీఎల్‌ఎస్ అయితే పరికరంలో సర్టిఫికెట్ ఉండాలి.

పీఈఏపీ పెట్టడం తేలిక, అందుకే చాలాచోట్ల అదే ఉంది. కానీ దాని లోపల నడిచే ఎంఎస్‌చాప్ వీ2 అనే పాస్‌వర్డ్ పద్ధతి బలం 2012లోనే తేలిపోయింది. దాన్ని ఒక్క డెస్ (పాత ఎన్‌క్రిప్షన్) తాళం విప్పినంత పనికి దించవచ్చని ఆ ఏడాది డెఫ్‌కాన్ సదస్సులో చూపించారు. బయటి టీఎల్‌ఎస్ తొడుగే దాన్ని కాపాడుతోంది. ల్యాప్‌టాప్ సర్వర్ సర్టిఫికెట్‌ని సరిచూసుకోకపోతే ఆ తొడుగూ లేనట్టే. ఎవరో దొంగ సర్వర్ పెడితే పాస్‌వర్డ్ హ్యాష్ అప్పగించేస్తుంది. దీనికి తోడు విండోస్ 11 22హెచ్2 నుంచి ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో పాస్‌వర్డ్‌లని కాపాడే క్రెడెన్షియల్ గార్డ్ డిఫాల్ట్‌గా ఆన్ అయ్యింది. దాంతో లాగిన్ అయిన పాస్‌వర్డ్‌నే పీఈఏపీ తనంతట తాను వాడుకునే సౌకర్యం ఆగిపోయింది. విండోస్ అప్‌గ్రేడ్ చేసిన వారంలో ఫ్లోర్ మొత్తం పాస్‌వర్డ్ అడుగుతోందని టికెట్లు వస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. దాన్ని ఆపేసి పీఈఏపీని బతికించడం సరైన మందు కాదు.

ఈఏపీ-టీఎల్‌ఎస్‌లో పాస్‌వర్డ్ గొడవే లేదు. పాస్‌వర్డ్ మార్చుకుని పాతదే వాడుతూ అకౌంట్ లాక్ అయిపోవడమూ ఉండదు. ఖర్చంతా సర్టిఫికెట్ల నిర్వహణలో ఉంది. యాక్టివ్ డైరెక్టరీ (విండోస్ డొమైన్) ఉన్నచోట విండోస్ సర్టిఫికెట్ సర్వీసెస్‌తో ఆటో-ఎన్‌రోల్‌మెంట్ పెడితే ల్యాప్‌టాప్‌లకి అవే చేరతాయి, అవే రెన్యూ అవుతాయి. ఇన్‌ట్యూన్ (ల్యాప్‌టాప్‌లని క్లౌడ్ నుంచి నడిపే సేవ) వాడేవాళ్లకి సర్టిఫికెట్లు పంచే ఎస్‌సీఈపీ ఉంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ప్రసూతి సెలవులోనో ఆన్‌సైట్‌లోనో ఆర్నెల్లు ఉండి వచ్చినవాళ్ల ల్యాప్‌టాప్‌లో సర్టిఫికెట్ గడువు దాటిపోతుంది. రెన్యూ కావాలంటే నెట్‌వర్క్ కావాలి, నెట్‌వర్క్‌లోకి రావాలంటే సర్టిఫికెట్ కావాలి. వాళ్ల కోసం సర్టిఫికెట్ సర్వర్, డొమైన్ కంట్రోలర్ మాత్రమే కనిపించే ఒక చిన్న వీల్యాన్ ముందే పెట్టుకోవాలి.

సర్టిఫికెట్ మెషిన్‌దా, యూజర్‌దా అంటే ముందు మెషిన్‌దే. ఎవరూ లాగిన్ అవ్వకముందే ల్యాప్‌టాప్ నెట్‌వర్క్‌లో ఉండాలి. లేకపోతే ఆ ల్యాప్‌టాప్‌లో మొదటిసారి లాగిన్ అయ్యే కొత్త ఉద్యోగికి డొమైన్ దొరకదు. యూజర్ని కూడా తప్పక చూడాలంటే రెంటినీ కలిపే టీప్ అనే ఈఏపీ పద్ధతి ఉంది, విండోస్ 10 2004 వెర్షన్ నుంచి పనిచేస్తుంది. సర్వర్ కూడా దాన్ని సపోర్ట్ చెయ్యాలి.

కొత్తగా మొదలుపెడుతుంటే పీఈఏపీ జోలికి వెళ్లొద్దు. ఇప్పటికే ఉంటే, దాని పక్కనే టీఎల్‌ఎస్ పాలసీ పెట్టి ఒక్కో టీమ్‌ని మార్చుకుంటూ పొండి.

టీఎల్‌ఎస్‌లో ఇంకో చిక్కు చెప్పి వదిలేస్తాను, ఇది రోజులు తినేస్తుంది. రేడియస్ సర్వర్ వేరే ఊళ్లో, వీపీఎన్ టన్నెల్ అవతల ఉంటే, సర్టిఫికెట్ గొలుసు పెద్దది కావడంతో ప్యాకెట్లు ముక్కలవుతాయి. మధ్యలో ఏ ఫైర్‌వాలో యూడీపీ ముక్కల్ని పడేస్తుంది. లక్షణం ఇలా ఉంటుంది: మ్యాబ్ పనిచేస్తుంది, పాస్‌వర్డ్ అయితే పనిచేస్తుంది, సర్టిఫికెట్ అయితే స్విచ్‌లో టైమౌట్ వస్తుంది, సర్వర్ లాగ్‌లో ఫెయిల్ అని కూడా ఉండదు. సర్వర్‌లో ఫ్రేమ్డ్-ఎంటీయూ (ప్యాకెట్ సైజు పరిమితి) తగ్గించి చూడండి, మధ్యలో ఫైర్‌వాల్‌ని అడగండి.

వెబ్ లాగిన్ గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. వైర్ మీద బ్రౌజర్‌లో లాగిన్ పేజీ అంటే గెస్ట్‌ల కోసమే. గెస్ట్‌లకి వైఫై ఇవ్వండి, వాళ్ల కోసం వైర్‌ని సంక్లిష్టం చేసుకోకండి.

సర్వర్ ఏది పెట్టాలి

విండోస్ సర్వర్ లైసెన్స్ ఇప్పటికే ఉంటే అందులోని రేడియస్ సర్వర్ ఎన్‌పీఎస్ ఉచితం. డొమైన్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌లకి టీఎల్‌ఎస్ పెట్టడానికి అది చాలు. మ్యాబ్ విషయంలో మాత్రం మ్యాక్‌నే డొమైన్ అకౌంట్‌గా సృష్టించాలి. చెయ్యొచ్చు గానీ చూడ్డానికి బాగుండదు, పాస్‌వర్డ్ పాలసీతో గొడవ పడుతుంది. ల్యాప్‌టాప్‌లన్నీ ఎంట్రాలో (మైక్రోసాఫ్ట్ క్లౌడ్ డైరెక్టరీ) మాత్రమే చేరి లోకల్ డొమైన్‌లో లేకపోతే ఎన్‌పీఎస్‌కి వాటి కంప్యూటర్ అకౌంట్ దొరకదు, అక్కడే ఆగిపోతారు. పైగా 2025 నుంచి డొమైన్ కంట్రోలర్లు గట్టి మ్యాపింగ్ (ఏ అకౌంట్‌దో కచ్చితంగా చెప్పే వివరం) లేని సర్టిఫికెట్లని తిరస్కరిస్తున్నాయి. ఇన్‌ట్యూన్ నుంచి ఇచ్చే సర్టిఫికెట్లలో ఆ వివరం వస్తోందో లేదో ముందే చూసుకోండి.

ఫ్రీరేడియస్ పేరుకి తగ్గట్టే ఉచితం, ఎంత పెద్ద నెట్‌వర్క్‌నైనా మోస్తుంది. అన్నీ కాన్ఫిగ్ ఫైళ్లే. మన ఊళ్లో దీనికున్న అసలు సమస్య సాంకేతికం కాదు. సెటప్ చేసినవాడు మంచి హైక్ దొరికి నోటీస్ పీరియడ్ ముగించుకుని వెళ్లిపోతే, ఆ ఫైళ్లు చదివే మనిషి మిగలడు. టీమ్‌లో లైనక్స్ చేతికి వచ్చినవాళ్లు కనీసం ఇద్దరుంటేనే దీన్ని ఎంచుకోండి. లేదా దాని మీదే కట్టిన ప్యాకెట్‌ఫెన్స్ చూడండి. అదీ ఓపెన్ సోర్సే, వెబ్ స్క్రీన్ ఉంది, పరికరం ఏమిటో కనిపెట్టే ప్రొఫైలింగ్ కూడా ఉంది.

సిస్కో ఐఎస్‌ఈ, అరూబా క్లియర్‌పాస్ ఖరీదైనవి, పరికరాల లెక్కన లైసెన్స్. మ్యాబ్ పరికరాలు వందల్లో ఉండి, ప్రింటర్ అని చెప్పుకుంటున్నది ఉన్నట్టుండి విండోస్‌లా ప్రవర్తిస్తే పట్టుకోవాలంటే వీటి విలువ తెలుస్తుంది. ల్యాప్‌టాప్‌లే ఎక్కువున్న ఆఫీసుకి ఆ డబ్బు వృథా. క్లౌడ్ రేడియస్ తీసుకునేవాళ్లు ఒక్కటే చూడండి: రాడ్‌సెక్ ఉందా, మీ స్విచ్‌లు దాన్ని సపోర్ట్ చేస్తాయా. మామూలు రేడియస్‌ని, యూడీపీ 1812 మీద, నేరుగా ఇంటర్నెట్‌లోకి వదలకూడదు. రాడ్‌సెక్ అదే సంభాషణని టీఎల్‌ఎస్ లోపల, టీసీపీ 2083 మీద పంపుతుంది.

ఏది పెట్టినా అకౌంటింగ్ ఆన్ చెయ్యండి. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. ఎవరు, ఏ పోర్టులో, ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉన్నారన్నది చెప్పగలిగేవి ఈ లాగ్‌లే.

స్విచ్ మీద నిజంగా తేడా తెచ్చే సెట్టింగులు

కమాండ్ల పేర్లు కంపెనీకో రకం, భావం ఒకటే. సిస్కోలో గ్లోబల్‌గా డాట్1ఎక్స్ సిస్టమ్-ఆత్-కంట్రోల్ ఆన్ చేసి, పోర్టు మీద ఆథెంటికేషన్ పోర్ట్-కంట్రోల్ ఆటో, డాట్1ఎక్స్ పే ఆథెంటికేటర్, మ్యాబ్ అని ఇస్తారు. అక్కడిదాకా అమీర్‌పేట కోచింగ్‌లో కూడా చెబుతారు. ఆ తర్వాతివే అసలైనవి.

మొదటిది టైమర్. ప్రింటర్‌ని గుచ్చగానే స్విచ్ నువ్వెవరని అడుగుతుంది. ప్రింటర్‌కి ఆ భాష రాదు, పలకదు. డిఫాల్ట్ టీఎక్స్-పీరియడ్ (జవాబు కోసం ఆగే సమయం) 30 సెకన్లు, మళ్లీ అడిగేది 2 సార్లు. అంటే సున్నా దగ్గర ఒకసారి, 30 దగ్గర ఒకసారి, 60 దగ్గర ఒకసారి అడిగి, 90 సెకన్లకి గానీ మ్యాబ్ మొదలవ్వదు. ఈలోపు పరికరం డీహెచ్‌సీపీ అడిగి అడిగి విసిగిపోయి 169.254తో మొదలయ్యే అడ్రస్ ఒకటి తనకి తానే ఇచ్చుకుని కూర్చుంటుంది. పోర్టు పచ్చగానే ఉంటుంది, ప్రింట్ మాత్రం రాదు. టీఎక్స్-పీరియడ్ 10కి తగ్గిస్తే మొత్తం 30 సెకన్లే. మరీ 1, 2కి దించితే ఉదయం బూట్ అవుతున్న ల్యాప్‌టాప్ జవాబు చెప్పేలోపే స్విచ్ దాన్ని మ్యాబ్‌లోకి తోసేస్తుంది. అలాంటప్పుడు డాట్ వన్ ఎక్స్‌కి ప్రాధాన్యం ఎక్కువుండేలా పెడితే, ల్యాప్‌టాప్ ఆలస్యంగా మాట్లాడినా మళ్లీ సరైన దారిలో పడుతుంది.

రెండోది హోస్ట్ మోడ్. ఫోన్ వెనకాల ల్యాప్‌టాప్ ఉండే డెస్కులకి మల్టీ-డొమైన్: వాయిస్‌కి ఒకటి, డేటాకి ఒకటి, అంతే. చిన్న స్విచ్‌లు, వర్చువల్ మెషిన్లు తప్పని చోట మల్టీ-ఆత్, ప్రతి మ్యాక్‌కీ విడివిడిగా గుర్తింపు. మల్టీ-హోస్ట్ మాత్రం వద్దు. అందులో ఒక్కడు గుర్తింపు చూపిస్తే వాడి వెనకాల వచ్చినవాళ్లందరూ లోపలికి వచ్చేస్తారు.

విండోస్‌లో ఒకటి గుర్తుపెట్టుకోండి. వైర్డ్ ఆటోకాన్ఫిగ్ అనే సర్వీస్ డిఫాల్ట్‌గా మాన్యువల్‌లో ఉంటుంది. అది నడవకపోతే ఈథర్‌నెట్ ప్రాపర్టీస్‌లో ఆథెంటికేషన్ ట్యాబే కనపడదు. గ్రూప్ పాలసీతో ఆటోమేటిక్ చెయ్యండి.

కొత్త స్విచ్‌లు కొంటుంటే డబ్బా మీద 802.1ఎక్స్ అని రాసుంది కదా అని ఆగిపోకండి. తక్కువ ధర స్మార్ట్ స్విచ్‌ల మీద కూడా అది ఉంటుంది. డేటాషీట్‌లో మ్యాబ్ ఉందా, రేడియస్ చెప్పిన వీల్యాన్ తీసుకుంటుందా, సర్వర్ అందనప్పుడు వేరే వీల్యాన్‌లో పెడుతుందా, సీఓఏ ఉందా అని చూడండి. సీఓఏ ఉంటే సర్వర్ మధ్యలోనే ఆ సెషన్‌ని మార్చెయ్యగలదు, కేబుల్ పీకి మళ్లీ పెట్టాల్సిన పనిలేదు.

సర్వర్ పడిపోతే

ఈ ఒక్క ప్రశ్నకి జవాబు రాసి పెట్టుకోకుండా ఎవరూ డాట్ వన్ ఎక్స్ ఆన్ చెయ్యకూడదు. రేడియస్ అందకపోతే అప్పటికే లోపలున్నవాళ్లు రీ-ఆథెంటికేషన్ టైం వచ్చేదాకా ఉంటారు, కొత్తగా గుచ్చినవాళ్లు బయటే. సర్వర్లు ముంబై డేటా సెంటర్‌లో ఉండి, ఇక్కడ రోడ్డు తవ్వుతూ ఎవరో ఫైబర్ తెంపారనుకోండి, ఉదయం షిఫ్ట్ మొత్తం ఖాళీగా కూర్చోవాలి. అందుకే క్రిటికల్ వీల్యాన్ అని ఒకటి పెడతారు. సర్వర్ చచ్చిపోయిందని స్విచ్‌కి తెలిసినప్పుడు పోర్టుని అందులో తెరుస్తుంది. ఫోన్లకి వాయిస్ క్రిటికల్ కూడా విడిగా ఆన్ చెయ్యాలి, చాలామంది వదిలేసేది అదే.

ఆ వీల్యాన్‌లో ఎంత దారి ఇవ్వాలన్నది నెట్‌వర్క్ టీమ్ ఒక్కటే తేల్చే విషయం కాదు. ఆస్పత్రిలో అయితే పేషెంట్ రికార్డు తెరుచుకోవడమే ముఖ్యం, అక్కడ తెరిచే ఉంచాలి. క్లయింట్ కార్డ్ డేటా మీద పనిచేసే ఫ్లోర్‌లో మూసెయ్యడమే మేలు. నిర్ణయం మెయిల్‌లో రాయించుకోండి. వీలైతే రెండు రేడియస్ సర్వర్లలో ఒకటి అదే బిల్డింగ్‌లో ఉంచండి. చిన్న వర్చువల్ మెషిన్ చాలు.

ఆన్ చేసే రోజు కూడా ఒకేసారి మూసెయ్యకండి. ముందు ఓపెన్ మోడ్‌లో, అంటే ఆథెంటికేషన్ ఓపెన్‌తో నడపండి. గుర్తింపు తప్పినా పోర్టు మూయదు, లాగ్ మాత్రం పడుతుంది. ఆ లాగ్‌లో ఫెయిల్ అవుతున్న ప్రతి మ్యాక్‌కీ ఒక పేరు పెట్టగలిగేదాకా అక్కడే ఉండండి. తర్వాత డీహెచ్‌సీపీ, డీఎన్‌ఎస్ లాంటివాటిని మాత్రం ముందే వదిలే ఏసీఎల్ అనే నియమాల జాబితాతో ఒక మెట్టు బిగించండి. కొత్త ల్యాప్‌టాప్‌లకి నెట్‌వర్క్ నుంచే ఇమేజ్ వేసే టీమ్ ఉంటే వాళ్లకి ఈ మెట్టే ఆఖరిది, పూర్తిగా మూస్తే పీఎక్స్ఈ బూట్ ఆగిపోతుంది. వాళ్ల బెంచ్‌కి వేరే పోర్టులు కేటాయించండి. మొదట మూయాల్సింది ఐటీ వాళ్ల సొంత ఫ్లోర్. అప్‌లింక్‌లకి, యాక్సెస్ పాయింట్ పోర్టులకి పొరపాటున టెంప్లేట్ తగలకుండా చూసుకోండి. ఆ రాత్రి కన్సోల్ కేబుల్ చేతికందేలా ఉండాలి.

మీ ఆఫీసు వీటిలో ఏది?

ఇరవై పాతిక మంది ఉండి, డొమైన్ లేకుండా, అన్నీ క్లౌడ్‌లోనే నడిచే కొండాపూర్ చిన్న కంపెనీ అయితే రేడియస్ పెట్టకండి. వాడని పోర్టులు షట్ చెయ్యండి, మీటింగ్ రూం ఐఓలని ఇంటర్నెట్ మాత్రమే ఉన్న వీల్యాన్‌లో పడెయ్యండి, కెమెరాలకి పోర్ట్ సెక్యూరిటీ పెట్టండి. మీ డేటా స్విచ్ వెనకాల లేదు, మీ డబ్బు మల్టీ-ఫ్యాక్టర్ లాగిన్ మీద పెట్టండి.

హైటెక్ సిటీలో మూడు నాలుగు వందల సీట్ల సర్వీసెస్ కంపెనీ, విండోస్ డొమైన్, క్లయింట్ ఆడిట్లు ఉన్నాయంటే సందేహం లేదు. ల్యాప్‌టాప్‌లకి మెషిన్ సర్టిఫికెట్‌తో ఈఏపీ-టీఎల్‌ఎస్, ఫోన్లకి, ప్రింటర్లకి బిగించిన వీల్యాన్‌లో మ్యాబ్, ఎన్‌పీఎస్ రెండు. మ్యాబ్ జాబితా వంద దాటి, ఎవరు చేర్చారో తెలియకుండా పెరుగుతుంటే ప్యాకెట్‌ఫెన్స్ వైపో ఐఎస్‌ఈ వైపో చూడండి, అంతవరకు వద్దు.

జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు ఫార్మా ప్లాంట్‌లో లెక్క వేరు. ల్యాబ్ పరికరాలకి తగిలించిన పాత విండోస్ పీసీలుంటాయి. వ్యాలిడేషన్ చేసిన సిస్టమ్ కాబట్టి వాటిలో సప్లికెంట్ సెట్టింగు మార్చాలన్నా ఛేంజ్ కంట్రోల్ పేపర్లు కదలాలి. ఆ పోర్టుల్ని డాట్ వన్ ఎక్స్‌కి బలవంతం చెయ్యకండి. పోర్ట్ సెక్యూరిటీ, దానికి తోడు ఫైర్‌వాల్ వెనకాల విడి వీల్యాన్. ఆఫీసు వైపు బ్లాక్‌కి మాత్రం టీఎల్‌ఎస్ పెట్టుకోండి.

ఘట్‌కేసర్, మొయినాబాద్ ఇంజినీరింగ్ కాలేజీల్లో ల్యాబ్‌లకి పోర్ట్ సెక్యూరిటీ, స్టాఫ్ రూంలకి ఫ్రీరేడియస్‌తో డాట్ వన్ ఎక్స్. విద్యార్థుల్లో ఎవరో ఒకడు మ్యాక్ మార్చి చూస్తాడు, కాబట్టి ఎగ్జామ్ సెల్ సర్వర్ల దారిలో మ్యాబ్ ఎక్కడా ఉండకూడదు.

పరిశోధనలు, డిజైన్ ఫైళ్లు ఉండి, గుర్తింపు పొందిన ల్యాప్‌టాప్‌కీ గోడకీ మధ్య ఎవరైనా చిన్న బ్రిడ్జ్ పెట్టి దాని వెనకాల దూరతారని నిజంగా భయపడాల్సినవాళ్లు కొందరున్నారు. మామూలు డాట్ వన్ ఎక్స్ తలుపు దగ్గర అడుగుతుంది, తర్వాత ప్రతి ఫ్రేమ్‌నీ పరీక్షించదు. దానికి ప్రతి ఫ్రేమ్‌నీ కాపాడే మ్యాక్‌సెక్ కావాలి. స్విచ్, ల్యాప్‌టాప్‌లో సప్లికెంట్ రెండూ అందుకు సిద్ధంగా ఉండాలి. మిగతావాళ్లకి ఆ టెన్షన్ అనవసరం.

ఇక కో-వర్కింగ్‌లో అద్దెకున్నవాళ్లకి స్విచ్ మీది కాదు, ర్యాక్ తాళం మీ దగ్గర లేదు. మీ క్యాబిన్ ఐఓలు ఏ వీల్యాన్‌లో ఉన్నాయో, పక్క క్యాబిన్ వాళ్లు అందులో ఉన్నారో లేదో మేనేజర్ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. మీ సొంత చిన్న ఫైర్‌వాల్, స్విచ్ క్యాబిన్ లోపల పెట్టుకోనిస్తారేమో అగ్రిమెంట్ మీద సంతకం చెయ్యకముందే అడగండి, తర్వాత అడిగితే ఒప్పుకోరు. అదీ కుదరకపోతే వైరుని ఎయిర్‌పోర్టు వైఫైతో సమానంగా చూసి, ప్రతి ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే వీపీఎన్ పెట్టండి.